కన్నియమ్మకు వినపడని అంకెలు

షోళింగనల్లూరులో మా ఆఫీసు భవనం కింద, నేలలోపలికి రెండు అంతస్తుల లోతున బండ్లు నిలిపే చోటు ఉంది. వాన పడిన ఉదయాల్లో అక్కడికి స్కూటర్ దింపితే తడి సిమెంటు వాసన, పెట్రోలు వాసన కలిసి ముక్కుకు తగులుతాయి. మొన్న అలాంటి ఒక ఉదయం హెల్మెట్ తీస్తుండగా వాకీటాకీల గరగర వినిపించింది. అట్టడుగున ఉన్న కాపలా మనిషి మాట పైన గేటు దగ్గరి మనిషికి అందదు, మధ్యలో అంతా కాంక్రీటు. అందుకని ర్యాంపు మలుపులో ఇంకొకరిని నిలబెట్టారు. కింది మనిషి రెండు చోట్లు ఖాళీ ఉన్నాయంటాడు. మలుపులో మనిషి ఆ మాటే పైకి చెబుతాడు. పై మనిషి తెల్ల కారు వస్తోందంటాడు. మలుపులో మనిషి ఆ మాటే కిందికి చెబుతాడు. నీళ్ళు కారుతున్న హెల్మెట్ పట్టుకుని, వేళ్ళు మడుస్తూ నిలబడిపోయాను. నాలుగుసార్లు మాట్లాడారు. మూడుసార్లలో తీరే పని. అనుకున్నానో లేదో, నా చెవి పక్కనే ఎవరో అన్నట్టయింది: "లెక్కపెట్టితివా? సరి. ఇప్పుడు ఒకటి తగ్గించు, చూస్తాం."

ఆ గొంతు వసుంధర మేడంది. ఆమె పోయి రెండేళ్ళయింది. తాంబరం వెళ్ళే లోకల్ రైలు పట్టాల పక్కన ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె వైర్‌లెస్ పాఠాలు చెప్పేది. నేను ఆమె దగ్గర పరిశోధన చేశాను. ఆమెను ఎరగనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఎరిగినవాళ్ళకు నేను చెప్పవలసిందేమీ లేదు, వాళ్ళే నాకు చెబుతారు. సన్నగా, పొట్టిగా ఉండేది. నూలుచీర, నుదుట కుంకుమ, చేతికి ఎప్పుడూ ఐదు నిమిషాలు ముందుకు పెట్టుకున్న గడియారం. వాళ్ళ తాతల తాతలెప్పుడో ఈ తమిళదేశానికి వచ్చి స్థిరపడ్డ తెలుగు నాయుళ్ళు. పాఠం ఇంగ్లీషులో, తిట్టు తమిళంలో, ప్రేమ తెలుగులో. తెలుగు మాట్లాడే పిల్ల దొరికిందని నన్ను చూసి ఆమె ఎంత సంబరపడిందో! వాళ్ళింట్లో పిల్లలంతా అప్పటికే తమిళంలోకి వెళ్ళిపోయారు.

నా సంగతి కూడా నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే ఆమె నాకు చేసిందేమిటో అర్థం కాదు. మాది పెరంబూరు. నాన్న రైలుపెట్టెల ఫ్యాక్టరీలో వెల్డర్. నాకు ఏడేళ్ళప్పుడు కీళ్ళవాతపు జ్వరం వచ్చి గుండెకు పట్టింది. మెట్లెక్కకూడదు, పరుగెత్తకూడదు, గుంపులో తిరగకూడదు అన్నారు డాక్టరు. అప్పటినుంచి పన్నెండో తరగతి దాకా నా బడి మా వంటింటి పక్క గదే, నా టీచరు మా అమ్మే. వేదపుస్తకం చదివిస్తూ తెలుగు నేర్పింది. పాతపుస్తకాల కొట్లో లెక్కల పుస్తకాలు తెచ్చి ముందుగా ఒక పని చేసేది. వెనకనున్న జవాబుల పేజీలను సూదీదారంతో కుట్టేసేది. నేను అధ్యాయం మొత్తం చేసి చూపించాకే కుట్టు విప్పేది. పరీక్షలు ప్రైవేటుగా రాశాను. గుండె కుదుటపడ్డాక కాలేజీలో చేరాను. కానీ పదిమందిలో చెయ్యెత్తి "నాకిది తెలియలేదు" అనడం మాత్రం నాకు చేతనయ్యేది కాదు. ఇంట్లో ఒక్కదాన్నే చదువుకున్నదాన్ని. నా ప్రశ్న నాదే, నా దిద్దుబాటూ నాదే.

మేడం దగ్గర చేరిన మొదటి రోజు నన్ను ఒక తెల్లబోర్డు ముందు నిలబెట్టి మూడు చుక్కలు పెట్టింది. "ఈ కొసన మీ అమ్మ, ఆ కొసన మీ నాయన. ఒకరి మాట ఒకరికి అందదు. మధ్యలో నువ్వు. అమ్మ ఒక అంకె చెప్పాల, నాయన ఒక అంకె చెప్పాల. ఎన్నిసార్లు మాట్లాడాల?" నాలుగు అన్నాను. లెక్కపెట్టించి, ఒకటి తగ్గించమంది. నాకు తోచలేదు. తోచలేదని చెప్పడానికి నోరు రాలేదు. బోర్డు వైపు చూస్తూ నిలబడ్డాను. ఆమె తొందరపెట్టలేదు. బల్ల మీదెక్కి కూర్చుని ఒక వేరుశెనగ పొట్లం విప్పుకుంది. పొట్లం సగం అయ్యాక, "అమ్మ ఐదు అనె, నాయన ఎనిమిది అనె. నువ్వు రెండూ కూడి పదమూడు అని ఒక్కసారి గట్టిగా అరుస్తివనుకో. అమ్మకు ఏం తెలుస్తుంది?" అంది.

"పదమూడులో తనది ఐదు తీసేస్తే నాన్నది ఎనిమిది."

"నాయనకు?"

"తనది ఎనిమిది తీసేస్తే అమ్మది ఐదు." చెబుతూ చెబుతూ నవ్వేశాను. కలిపేస్తే పోతుందనుకున్నది పోలేదు. ఎవరిది వాళ్ళ దగ్గర ఉంది గనక ఎదుటివాళ్ళది తిరిగి దొరికింది. మూడుసార్లలో పని అయిపోయింది. నెట్‌వర్క్ కోడింగ్ అని పుస్తకాల్లో పెద్దపేరున్న సంగతి నాకు ఆ వేరుశెనగ పొట్లంతో పాటు అర్థమైంది. పొట్లంలో మిగిలిన సగం ఆమె నా చేతిలో పెట్టింది.

మా ప్రయోగశాల అప్పుడు మూడో అంతస్తులో ఉండేది. నేను పెరంబూరు నుంచి లోకల్‌లో వచ్చి, పార్కు స్టేషన్‌లో మారి, కాలేజీకి చేరేసరికే సగం ఊపిరి అయిపోయేది. ఆపైన మెట్లు. జబ్బు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒక్కో మలుపులో చెప్పు సరిచేసుకుంటున్నట్టు ఆగేదాన్ని. రెండు వారాల తర్వాత ఒక సోమవారం వచ్చి చూస్తే తెల్లబోర్డు, కంప్యూటర్లు, కుర్చీలు అన్నీ కింది అంతస్తులో పాత సామాన్ల గదిలో ఉన్నాయి. "నాకు మోకాళ్ళు నొప్పి మా, పైకి ఎక్కలేకుండా ఉండా," అంది మేడం. అమ్మా అనడానికి తమిళంలోలా "మా" అనేది. నేను పాపం అనుకున్నాను. మోకాళ్ళకు ఏ తైలమైతే మంచిదో అమ్మనడిగి వచ్చి చెప్పాను కూడా. ఆమె శ్రద్ధగా పేరు రాసుకుంది. ఆ నెలలోనే ఒకరోజు మిద్దె మీద యాంటెన్నా గాలికి ఒరిగిందని ఎవరో వచ్చి చెబితే, చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని రెండేసి మెట్లు ఒక్కసారిగా ఎక్కి వెళ్ళిపోయింది. నేను కిందనుంచి చూస్తూ ఉండిపోయాను. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ రాత్రి ప్రార్థనలో మాత్రం ఆమె పేరు చేర్చుకున్నాను. అది ఇవాళ్టికీ తీయలేదు.

మధ్యాహ్నం అన్నం అందరం ఆ గదిలోనే తినేవాళ్ళం. మేడం, నేను, అటెండరు కన్నియమ్మ. కన్నియమ్మది వ్యాసర్‌పాడి. తెలుగువాళ్ళే, కానీ ఆమె తెలుగులో సగం తమిళం. కాలేజీలో పని దొరకక ముందు పూలు అమ్మేది. ఎంత పెద్ద కూడికైనా నోటితోనే చేసేసేది, నోరు కూడా అంతే జోరు. నేను తినేముందు కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు ప్రార్థన చేసుకుంటే, మేడం తన డబ్బా మూత తెరవకుండా కూర్చునేది. నేను కళ్ళు తెరిచాకే మూత తీసేది. ఒకసారి కన్నియమ్మ, "ఏం పాపా, సామికి రోజూ ఇంత సేపు చెప్తావే, ఏముండాది అంత చెప్పడానికి?" అని అడిగింది. "థ్యాంక్స్ చెప్పుకుంటానక్కా," అన్నాను. "రెండు నిమిషాలూ థ్యాంక్సేనా? అడిగేది ఏమీ లేదా? అట్లయితే నాది కూడా ఒకటి అడుగు, నా అల్లుడికి బుద్ధి రావాల." మేడంకు పొలమారింది.

ఇక నేను చేయవలసిన పని ఏమిటంటే: రెండు కొసల వాళ్ళకూ, మధ్యలో వాడికీ కలిపి కొంత విద్యుచ్ఛక్తి మాత్రమే ఉంది. మాట్లాడటానికి గొంతు ఎంతో, వైర్‌లెస్ పరికరానికి శక్తి అంత. ఎక్కువ ఇస్తే గట్టిగా వినిపిస్తుంది, తక్కువ ఇస్తే గొణుగుడే. ఉన్నదాన్ని ముగ్గురికీ ఎలా పంచితే తప్పుల్లేకుండా ఎక్కువ మాటలు అటూ ఇటూ పోతాయి? ఇది కాగితం మీద తేలేది కాదు. కంప్యూటర్లో ముగ్గురినీ పెట్టి, గాలిలో ఉండే రొదను కూడా పెట్టి, లక్షలసార్లు మాట్లాడించి చూడాలి. ఏడాదిన్నర కూర్చుని ఆ ప్రోగ్రామ్ రాశాను. జవాబు చాలా అందంగా వచ్చింది. కొసల్లో ఉన్నవాళ్ళకు ఏదో పేరుకు కాస్త ఇస్తే చాలు, మిగిలిందంతా మధ్యవాడికే ఇవ్వాలి అని. అంటే చేతుల్లో ఉండే చిన్న పరికరాల బ్యాటరీ ఎంతో ఆదా. ఒక పెద్ద సమావేశానికి వ్యాసం పంపాము. తీసుకున్నారు. పరిశీలించినవాళ్ళు ఆశ్చర్యకరమైన ఫలితం అని రాశారు. నాన్న ఆ ఉత్తరం కాపీ తీయించి ఫ్యాక్టరీలో అందరికీ చూపించాడు. చర్చిలో పాస్టరుగారు నా పేరు చెప్పి స్తుతి చేయించారు. పైగా ఆ నెలాఖరునే నా ఫెలోషిప్ మీద కమిటీ కూర్చోబోతోంది. ఆ వ్యాసం ఉంటే ఇంకో రెండేళ్ళు కొనసాగిస్తారు, లేకపోతే ఆపేస్తారు. నాన్న పదవీ విరమణ దగ్గర పడింది. అమ్మ లోపల ఏం లెక్కలు వేసుకుంటోందో నాకు తెలుసు.

వ్యాసం చివరి ప్రతి సోమవారం సాయంత్రానికల్లా పంపాలి. ముందటి బుధవారం మేడం గ్రాఫు కాగితం పట్టుకుని వచ్చింది. "కరుణా, ఈ గీత చూడు. కొసల్లో ఉండేవాళ్ళకు ఇంతకన్నా తక్కువ ఇవ్వకూడదని నువ్వు ఒక హద్దు పెట్టితివి కదా? నీ జవాబు పోయి ఆ హద్దుకే అంటుకోని ఉండాది. ఈడ, ఈడ, ఈడ. అన్నిట్లోనూ."

"అంటే అంత తక్కువైనా చాలునని కదా మేడం?"

"అయ్యుండచ్చు. రా, ఆట ఆడదాం."

ఆట అంటే ఆమె దగ్గర ఒక పద్ధతి. ఏ ప్రోగ్రామైనా సరే, అందులో ఉన్న పాత్రలను మనుషులతో ఒకసారి ఆడించి చూడాలి. ఎవరి చీటీ వాళ్ళ చేతిలోనే ఉండాలి, ఇంకొకరి చీటీలోకి తొంగిచూడకూడదు. నన్ను మా గదిలో కూర్చోబెట్టింది. తను నడవా అవతలి కొసనున్న గదిలోకి వెళ్ళింది. మధ్య నడవాలో స్టూలు వేసి కన్నియమ్మను కూర్చోబెట్టింది. "నువ్వు మధ్యలో స్టేషన్ కన్నియమ్మా. మేమిద్దరం చెప్పే అంకెలు కూడి గట్టిగా చెప్పాల."

"జీతం ఇస్తారా ఈ స్టేషన్‌కి?"

"టీ ఇప్పిస్తా."

మొదటిసారి అందరం మామూలు గొంతుతో. నేను నా చీటీ చూసి "ఏడు" అన్నాను. అవతల నుంచి మేడం ఏదో అంది. "పదహారు!" అని కన్నియమ్మ. పదహారులో ఏడు పోతే తొమ్మిది. "తొమ్మిది మేడం!" అని నేను అరిస్తే, "కరెక్ట్!" అని అటునుంచి వచ్చింది. అదే ఏదో పండగలా ఉంది నాకు. పక్కన లోకల్ రైలు పోతున్నప్పుడు కూడా, మేమిద్దరం గొంతు కాస్త పెంచితే సరిపోయింది.

"సరి. ఇప్పుడు నీ వ్యాసంలో ఉన్నట్టు," అంది మేడం గుమ్మంలోకి వచ్చి. "మనమిద్దరం గొణగాల. కన్నియమ్మ ఎంత కావాలన్నా అరవచ్చు."

గొణిగాను. నడవాలో ఏ సద్దూ లేదు. మళ్ళీ గొణిగాను.

"ఏందమ్మా, ఇద్దురూ నోట్లో దూది పెట్టుకోనుండారా? నాకు ఏమీ వినపడలా!" అని కన్నియమ్మ.

"వినపడినంత కూడి చెప్పు," అంది మేడం.

"ఏం వినపడితే కూడేది? నా గొంతు ఉండాదంటివి, అరవమంటివి. సరి, అరుస్తా. అరిచేదానికి ఏమన్నా ఉండాల కదా?" అని, రైలు వెళ్ళేదాకా ఆగి, కావాలనే ఇంకా పెద్దగా, "ముప్పై!" అని కేకేసింది. పై అంతస్తు వరండాలోంచి పిల్లలు తొంగిచూశారు. ముప్పైలో నా చీటీలోని నాలుగు పోతే ఇరవయ్యారు. అంకెలు తొమ్మిది దాటకూడదు. నాకు నవ్వొచ్చింది. మేడం కూడా నవ్వుతూనే వచ్చి నా బల్లకు ఆనుకుని నిలబడింది.

"ఈ కన్నియమ్మకు వినపడలే. నీ కంప్యూటర్లో ఉండే కన్నియమ్మకు మాత్రం బాగా వినపడె. ఎట్ల? పోయి కనుక్కో. నాకు తొందర లేదు, సోమవారం చెప్పు." అంతే అని, టీ చెప్పడానికి వెళ్ళిపోయింది.

నాకు సోమవారం దాకా పట్టలేదు. వాళ్ళు టీ తాగి కప్పులు కడిగేలోపలే దొరికింది. ప్రోగ్రామ్‌లో మధ్యవాడు అంకెలు కూడే లైను ఒకటుంది. అక్కడ మధ్యవాడు తను విన్న అంకెలు కూడాలి. గాలిలో రొద కలిసి, ఒక్కోసారి తప్పుగా వినిపించిన అంకెలు. నేను అక్కడ కొసల్లో ఉన్నవాళ్ళ చీటీల్లోని అసలు అంకెలు పెట్టేశాను. ముగ్గురినీ రాసింది నేనే, ముగ్గురి చీటీలూ నా ఎదుటే ఉన్నాయి, చెయ్యి దానంతటదే దగ్గర్లో ఉన్నదాన్ని తీసుకుంది. కొసలవాళ్ళు గొణిగినా, అసలు నోరు మెదపకపోయినా, మధ్యవాడు ఒక్క అంకె తప్పకుండా కూడేస్తున్నాడు. ఇక వాళ్ళకు శక్తి ఇవ్వడం దేనికని కంప్యూటర్ అంతా మధ్యవాడికే పెట్టింది. అమ్మ నా చిన్నప్పుడు కుట్టేసిన జవాబుల పేజీలు గుర్తొచ్చాయి. ఇక్కడ వాటిని కుట్టేవాళ్ళు లేరు. ఆ లైను సరిచేసి ఒక్కసారి నడిపించాను. నా అందమైన గీత ఎక్కడికక్కడ విరిగిపోయింది.

ఆరోజు నేను ఏమీ చెప్పలేదు. గురువారం చెప్పలేదు. శుక్రవారం మధ్యాహ్నం మేడం తన డబ్బాలోంచి వంకాయ కూర నా కంచంలో వేసి, "మీ అమ్మ బీపీకి ఇచ్చిన ఆ మందు పనిచేస్తా ఉండాదా?" అని అడిగింది. పనిచేస్తోందన్నాను. నా తప్పు నాకొక్కదానికే తెలుసు. పరిశీలించినవాళ్ళకు తట్టలేదు, మేడంకి అనుమానమే గానీ తెలియదు. సోమవారం వచ్చి, "హద్దు కాస్త పెంచితే సరిపోయింది మేడం," అంటే ఆమె నమ్ముతుంది. నన్ను నమ్ముతుందని తెలియడమే నన్ను తినేసింది. ఆదివారం చర్చిలో మోకరించాను. చాలాసేపు ప్రార్థన చేశాననుకున్నాను. లేచేటప్పుడు అర్థమైంది, నేను అంతసేపూ అడుగుతున్నది ఆ తప్పు ఎలాగైనా ఒప్పు కావాలని. దేవుణ్ణి అలాంటిది అడుగుతున్నానే అని సిగ్గేసింది. మళ్ళీ మోకరించి ఒక్కటే అడిగాను, నోరు తెరిచే ధైర్యం.

సోమవారం పొద్దున నేను వెళ్ళేసరికి మేడం అప్పటికే వచ్చి ఉంది. సంచీ దించకుండానే మొదలుపెట్టాను. ఆ లైను చూపించాను. మధ్యవాడికి అసలు చీటీలు ఎలా దొరికాయో చెప్పాను. అంతా అయ్యాక, "ఎప్పుడు కనిపించె?" అని మాత్రం అడిగింది.

ఆ ప్రశ్న వస్తుందని అనుకోలేదు. నిన్ననో, ఇవాళనో అనవచ్చు.

"బుధవారమే మేడం. టీ తాగుతున్నప్పుడే."

"సరి," అంది. నా వైపు చూసి, "సంచీ దించు మా. ఇంకా భుజానే ఉండాది," అంది.

ఉత్తరం ఆమే రాసింది, మూడే వాక్యాలు. మా లెక్కలో తప్పు దొరికింది, అందువల్ల ఫలితం నిలవదు, వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నాం. నేను పక్కన నిలబడి, "తప్పు నాదని రాయండి మేడం, మీ పేరు ఎందుకు," అన్నాను. "పొగిడితే ఇద్దరిదీ, తప్పయితే నీ ఒకదానిదా? నేను చూడకుండానే చేవ్రాలు చేస్తిని. పో మా, పోయి స్టాంపు ప్యాడు తీసుకోని రా," అని కసిరింది. ఆ ఉత్తరానికి స్టాంపు ప్యాడుతో పనే లేదు, ఈమెయిల్లో పోయేది. నన్ను ఆ గదిలోంచి పంపేయడానికి ఆమెకు అప్పటికి అదే తోచింది. నేను నడవాలో నిలబడి ఏడుస్తుంటే కన్నియమ్మ ఒక మాటా అడగకుండా తన కొంగు అందించింది. అడగకుండా ఉండటం ఆమె స్వభావం కాదు. ఆరోజు నాకది తట్టలేదు.

కమిటీ నా ఫెలోషిప్ ఆపేసింది. విభాగాధిపతి అందరి ముందూ మేడంను, "మీరు చూసుకోవద్దా?" అని అడిగారు. "చూసుకోవాల్సింది సార్. చూసుకోలే," అంది ఆమె, గడియారంలో టైమెంతని అడిగితే చెప్పినంత మామూలుగా. ఇంటికి వెళ్ళి నాన్నకు చెప్పాను. "వెల్డు పగిలితే మళ్ళీ వెయ్యాల్సిందేగా. నేర్పేవాళ్ళు ఆడ ఉండారు కదా, మానకుండా పో," అన్నాడు. మానకుండా వెళ్ళాను. ఆరు నెలలు ఏ హోదా లేకుండా ఆ గదిలో కూర్చుని మళ్ళీ లెక్క చేశాను. ఈసారి ఒక్కో పాత్రను ఒక్కో ఫైల్లో రాసి, ఒకరి చీటీ ఇంకొకరికి కనపడకుండా గోడలు కట్టాను. సరైన జవాబు చాలా సాదాగా వచ్చింది. కొసల్లో ఉన్నవాళ్ళకూ తగినంత ఇవ్వాలి, ఎవరు దూరంగా ఉంటే వాళ్ళకు కాస్త ఎక్కువ ఇవ్వాలి, ఆదా అయ్యేది కొంచెమే. "చప్పగా ఉంది మేడం," అన్నాను. "ఉంటే ఉండనీ. ఉప్పు మనం వేయకూడదు," అంది. అది ఒక చిన్న పత్రికలో వచ్చింది. ఎవరూ ఆశ్చర్యకరమని రాయలేదు. ఆ పనితోనే నాకు మళ్ళీ ఫెలోషిప్ వచ్చింది, తర్వాత డాక్టరేటూ, ఈ ఉద్యోగమూ వచ్చాయి. ఏదీ నా గొప్ప అని అనుకోను. నడిపించినవాడికి స్తోత్రం, నడిపించడానికి ఆయన పంపిన మనిషికి నమస్కారం.

రెండేళ్ళ కిందట మేడం పోయినప్పుడు, పెద్దకర్మ రోజున వాళ్ళింటికి వెళ్ళాను. కన్నియమ్మ బయట మెట్ల మీద కూర్చుని ఉంది. జుట్టంతా నెరిసింది, నోరు మాత్రం అలాగే ఉంది. ఆమె పక్కన కూర్చున్నాను. పాత మాటలన్నీ వచ్చాయి, నడవాలో ఆట కూడా. "ముప్పై అని అరిచినావు చూడక్కా," అని నవ్వాను.

కన్నియమ్మ నవ్వలేదు. "నీకు తెలియదా పాపా? మేడంకు ముందే తెలుసు."

"ఏం తెలుసు?"

"నీ కాయితం తప్పని. మంగళవారం సాయంత్రమే కనుక్కోనె. నేను గది చిమ్మతా ఉంటే చెప్పె. 'కన్నియమ్మా, పిల్ల ఒగ లైనులో తప్పు చేసింది. నేను చెప్తే తలొంచుకోని సరి అంటుంది, అంతే. రేపు ఆట పెడతా. తనే కనుక్కుంటుంది, తనే వచ్చి చెప్తుంది' అని. చెప్పకపోతే ఏం చేస్తావని నేను అడిగితిని."

"ఏమన్నారు?"

"'సోమవారం సాయంత్రం దాకా టైముండాది, అందాకా కాసుకోని ఉంటా. ఆ తరవాత నేనే ఉత్తరం రాయాల' అనె. నన్ను కూడా ఏమీ అడగొద్దని ఒట్టు పెట్టించె. ఆ నాలుగు రోజులు మేడం సరిగా తినలా పాపా. నీ కంచంలో వేసింది చూడు వంకాయ కూర, అది ఆమె వంతు."

లోపల ఎవరో వడ్డనకు పిలుస్తున్నారు. నేను మెట్ల మీదే ఉండిపోయాను. ఆ నాలుగు రోజులూ నేను ఆమెను మోసం చేస్తున్నాననుకున్నాను. ఆమె నాకెదురుగానే కూర్చుని, అమ్మ మందుల సంగతి అడుగుతూ, ఒక్క మాట జారకుండా నా కోసం కాసుకుని ఉంది. ఉత్తరం మంగళవారమే రాసేసి ఉండవచ్చు. అప్పుడు నేను తప్పు చేసి దొరికిన పిల్లనయ్యేదాన్ని. తప్పు చేసి ఒప్పుకున్నదాన్నని తల ఎత్తుకునే వీలు ఆమె నాకోసం అట్టిపెట్టింది. 'బుధవారమే' అన్నప్పుడు ఆమె ఎందుకు 'సరి' అన్న ఒక్క మాటతో ఊరుకుందో ఆ మెట్ల మీద తెలిసింది నాకు.

ఇప్పుడు నా కింద ఐదుగురు పిల్లలు పనిచేస్తున్నారు. వాళ్ళలో దివ్య అని ఒక అమ్మాయి, తెలివైనది, భయస్థురాలు. సెల్ టవర్ల మధ్య శక్తి పంపకం మీద ఆమె పంపిన రిపోర్టు ఉండవలసినదానికంటే బాగుంది. గురువారం సాయంత్రం కూర్చుని చూశాను, ఎక్కడ జారిందో కనిపించింది. నిన్న ఆమెను పిలిచి, ఈ ఫలితం ఇంత బాగా ఎలా వచ్చిందో నాకు వివరించి రాసివ్వమన్నాను. రిపోర్టు మంగళవారం పైవాళ్ళకు వెళ్ళాలి. అప్పటిదాకా నేనేమీ అనదలచుకోలేదు. కానీ ఇది ఎంత కష్టమైన పనో ఇప్పుడు తెలుస్తోంది. నోటిదాకా వచ్చిన మాట మింగుతూ, ఆ పిల్ల సీటు వైపు చూడకుండా, మామూలుగా నవ్వుతూ తిరగాలి. ఇవాళ మధ్యాహ్నం ప్రార్థనలో థ్యాంక్స్ చెప్పుకోవడం పక్కన పెట్టి ఆమె కోసమే అడిగాను. కళ్ళు తెరిచేసరికి దివ్య క్యాంటీన్‌లో నాకెదురుగా వచ్చి కూర్చుంది. డబ్బా తెరిచింది, తినడం లేదు. ఆమెకూ కనిపించిందని నాకు అర్థమైంది. ఆమె పెదవి కదిలింది, మళ్ళీ ఆగిపోయింది.

"మీ నాన్నగారికి జ్వరం తగ్గిందా?" అని అడిగాను.